డ్యాన్స్ ఫ్లోర్ ఖాళీ అయ్యింది ఏ పాటకి? క్రౌడ్‌ని చదవడం గురించి కాస్త చెప్పండి

కొత్త_హెడ్‌ఫోన్ · ఆదివారం, మధ్యాహ్నం 2:10

అన్నలకీ అక్కలకీ నమస్కారం. ఇంట్లో రెండేళ్లు ప్రాక్టీస్ చేసి ఈమధ్యే బయట డీజేగా ప్లే చేయడం మొదలుపెట్టా. బీట్ మ్యాచింగ్, అంటే రెండు పాటల తాళం కలపడం, చెవితోనే చేస్తా, ఆ పని దానంతటదే చేసే సింక్ బటన్ ముట్టను. మిక్సులు శుభ్రంగానే వస్తాయి. అయినా నిన్న రాత్రి పరువు పోయింది.

నాలుగు గంటల సెట్. మొదటి గంటన్నర బానే నడిచింది. పావు తక్కువ పదకొండుకి ఫ్లోర్ మీద ఓ డెబ్భై మంది, అందరి చేతులూ పైనే. ఊపు వచ్చింది కదా అని నా దగ్గరున్న గట్టి ట్రాకులు వరసబెట్టి ఐదు వేసేశా. మిక్సులు వెన్నలా కుదిరాయి. ఆరోదానికి తలెత్తి చూస్తే పదిహేను మంది మిగిలారు. ఆ ఆరో పాటలో తప్పేంటో ఇప్పటికీ అర్థం కావట్లేదు. పోయిన వారం ఇంకోచోట అదే పాటకి జనం ఎగిరెగిరి ఆడారు. ఆ తర్వాత ఏం వేసినా తిరిగి రాలేదు. వాల్యూమ్ పెంచా, ఉన్నవాళ్లు కూడా పలచబడ్డారు.

"క్రౌడ్‌ని చదవాలి" అని అందరూ అంటారు. ఏం చదవాలి? ఎక్కడ చూడాలి? "అనుభవం మీద వస్తుంది తమ్ముడూ" అని మాత్రం అనకండి, దండం పెడతా.

పాత_సూది · ఆదివారం, మధ్యాహ్నం 3:35

అనుభవం మీద వస్తుంది తమ్ముడూ.

సరే, తిట్టుకోకు. జవాబు నీ పోస్టులోనే ఉంది. "ఆరోదానికి తలెత్తి చూస్తే" అన్నావ్. అంటే ఐదు పాటలూ తల దించుకునే ఉన్నావన్నమాట. తక్కువలో తక్కువ ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో జనం ఒక్కొక్కరే నీకు చెప్పి మరీ వెళ్లారు, నువ్వు స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ చూసుకుంటూ కూర్చున్నావ్. పాపం ఆరో పాటకి ఏ పాపమూ తెలీదు. నన్నడిగితే మూడోదానికే అయిపోయింది.

ఫ్లోర్ మధ్యలోంచి ఖాళీ అవదు, అంచుల్లోంచి అవుతుంది. మధ్యలో ఉన్నవాళ్లు నువ్వేం వేసినా ఆడతారు, వాళ్లని చూసి మురిసిపోతే మోసపోతావ్. ఫ్లోర్‌కీ గోడకీ మధ్య సగం లోపల సగం బయట నిలబడి ఉంటారే, వాళ్లని చూడు. వాళ్లు ఒక అడుగు లోపలికేశారా, వెనక్కేశారా? నాకు రాత్రంతా కావాల్సిన లెక్క అదొక్కటే.

చేతులు చూడకు, కాళ్లు చూడు. పక్కవాడు ఎత్తాడని చెయ్యెత్తుతారు, ఫోన్‌లో వీడియో తీస్తున్నారని ఎత్తుతారు. మడమలు అలా అబద్ధం ఆడవు. పాట పట్టుకుంటే మడమ నేల మీంచి లేస్తుంది, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మారుతుంది. పట్టు వదిలేస్తే పైన చేతులు ఊగుతూనే ఉంటాయి, కింద పాదాలు మాత్రం నేలకి అతుక్కుపోతాయి. అక్కడి నుంచి నీకు ఒకటిన్నర పాట టైముంటుంది.

మన పని పుట్టిందే ఇలా చూడటంలోంచి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో చెల్లెలు సిండీ పెట్టిన పార్టీకి కూల్ హెర్క్ పాటలు వేశాడని హిప్‌హాప్ చరిత్ర ఎక్కడ మొదలుపెట్టినా చెప్తారు. ఆ రోజుల్లో అతను పట్టుకున్న గుట్టు ఏంటంటే, డ్యాన్సర్లు పాటంతా ఓపిక పట్టి, గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే ఆ నాలుగు క్షణాల కోసం కాచుకుని ఉంటున్నారు. దాంతో అదే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుల్స్ మీద పెట్టి, ఇటు అయిపోగానే అటు వేస్తూ ఆ ముక్కనే సాగదీశాడు. కొత్త మిషన్ ఏదీ కనిపెట్టలేదు. తలెత్తి చూశాడు, అంతే.

బ్యాగు_భుజాన · ఆదివారం, సాయంత్రం 5:02

నేను డీజేని కాదు, డ్యాన్స్ చేయడానికి వెళ్లేదాన్ని. ఇక్కడ చదివి వెళ్లిపోతుంటా గానీ ఇది చూసి ఆగలేకపోయా.

మీరంతా పైనుంచి చూస్తారు, నేను కింద నుంచి చెప్తా. మేం నలుగురం వెళ్తాం. మొదటి అరగంట మా హ్యాండ్‌బ్యాగులు భుజానే ఉంటాయి. ఎవరో ఒకరికి తెలిసిన పాట వస్తుంది, బ్యాగు టేబుల్ మీద పడేసి పరిగెత్తుతుంది. మిగతా ముగ్గురం బ్యాగులకి కాపలా ఉన్నట్టు నిలబడి కాలితో తాళం వేస్తుంటాం. సరిగ్గా అప్పుడొచ్చే తర్వాతి పాట మమ్మల్ని లాగాలి. నాలుగు బ్యాగులూ టేబుల్ ఎక్కాయంటే గంట దాకా మమ్మల్ని ఎవరూ కదపలేరు. ఎవరైనా బ్యాగు తీసి మళ్లీ భుజాన వేసుకుందంటే మాత్రం, ఊగుతూ కనిపించినా సరే, మనసు ఎప్పుడో క్యాబ్ ఎక్కేసింది.

గ్లాసుదీ అదే కథ. నిండు గ్లాసు పట్టుకున్నవాడు నడుము పై భాగమే ఆడిస్తాడు. అతన్ని చూసి పాట బాలేదనుకోవద్దు, గ్లాసు బాగా నిండిందంతే.

ఇంకోటి. గట్టి పాటలు వరసగా వేస్తే మాకు ఊపిరాడదు. నీళ్లు తాగొద్దామంటే మంచి పాట పోతుందేమోనని భయం, ఉందామంటే కాళ్లు పీకుతుంటాయి. చివరికి వెళ్తాం, వెళ్లాక కూర్చుంటాం, కూర్చున్నాక కబుర్లలో పడతాం. ఇక లేవం. మీ ఐదు పాటలకీ అదే జరిగి ఉంటుంది. పాటలు బాగోక కాదు, మరీ బాగుండి వెళ్లిపోయాం.

కొత్త_హెడ్‌ఫోన్ · ఆదివారం, సాయంత్రం 5:20

బ్యాగులు! రెండేళ్లలో నేను చూసిన ఏ వీడియోలోనూ ఇది చెప్పలేదు. థాంక్యూ అండీ.

సూది అన్నా, ఒప్పుకుంటున్నా, తల దించుకునే ఉన్నా. కానీ చూసి తెలుసుకున్నాక చెయ్యాల్సిందేంటి? పాట మధ్యలో ఉంది, అంచులు కదులుతున్నాయి. అప్పుడు?

అర్ధరాత్రి_అక్క · ఆదివారం, రాత్రి 9:48

ఇప్పుడు అసలు ప్రశ్న అడిగావ్. చూడటం వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు, చూసి కంగారుపడకుండా ఉండేవాళ్లు తక్కువ.

నేను పాటల్ని మూడేసి చొప్పున కట్టుకుంటా. మొదటిది వాళ్లకి బాగా తెలిసింది. రెండోది దానికి చుట్టం: అదే ఊపు, అదే రకం గొంతు, కాస్త తక్కువ తెలిసింది. మూడోది నాకు ఇష్టమైంది, వాళ్లు విని ఉండకపోవచ్చు. మొదటి రెండింటితో సంపాదించిన నమ్మకాన్ని మూడోదాని మీద ఖర్చు పెడతా. అది తేలిపోతే నాకు నష్టం ఒక్క పాటే, తర్వాతి కట్టలో మొదటిది ఎలాగూ తెలిసిందే కదా. ఇలాంటి కట్టలు ఒక రాత్రికి ఇరవై దాకా తీసుకెళ్తా, పది వాడితే గొప్ప.

కొత్త ఊపులోకి మళ్లాలంటే ముందు ఒక ప్రశ్న వెయ్యి. 128 బీపీఎమ్‌లో, అంటే నిమిషానికి 128 బీట్ల వేగంలో, పదహారు బార్లంటే (బార్‌కి నాలుగు బీట్లు) సరిగ్గా ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లు రెండు చేతులూ మిక్సర్ మీంచి తీసేసి చూస్తూ నిలబడు. అంచులు లోపలికొస్తే సాగించు. రాకపోతే ఆ పాటని చివరిదాకా మోయాల్సిన పని లేదు. ఎనిమిది బార్ల ముక్కే తిరిగి తిరిగి మోగేలా లూప్ బిగించు, పక్క డెక్‌లో ఇంకో పాట ఎక్కించు, అది ఎక్కణ్నుంచి మొదలవ్వాలో హెడ్‌ఫోన్‌లో క్యూ చూసుకో, ఫ్రేజ్ (ఎనిమిదో పదహారో బార్ల ముక్క) మొదట్లో కొత్తదాని బేస్ తెరిచి పాతదాని బేస్ మూసెయ్. రెండు బేసులూ ఒకేసారి మోగకూడదు, బురదవుతుంది. పాట మారిన సంగతి తెలుస్తుంది గానీ నువ్వు పారిపోయావని ఎవరికీ తెలీదు.

వేగం ఎక్కువగా మార్చాలంటే డ్రమ్స్ ఆగిన చోట మార్చు. తాళం లేనప్పుడు కాళ్లకి లెక్క ఉండదు, కొత్త తాళం ఎంతలో మొదలైనా పట్టుకుంటాయి. 87లో ఉన్నవాడు 174లోకి నేరుగా దూకొచ్చు, సరిగ్గా రెండింతలు కాబట్టి తల అదే తాళంలో ఊగుతుంది, కాళ్లు మాత్రం రెట్టింపవుతాయి. అంత తొందర లేకపోతే ఫ్రేజుకి ఒక బీపీఎమ్ చొప్పున ఎక్కించుకుంటూ పో, పదిహేను నిమిషాలయ్యాక ఎక్కడున్నావో నీకు తప్ప ఎవరికీ తెలీదు.

అన్నట్టు, ఫ్లోర్ పలచబడటం ప్రతిసారీ ప్రమాదం కాదు. గంటకోసారి నేనే కావాలని వదులు చేస్తా. నీళ్లు తాగనీ, మొహం కడుక్కోనీ. ఆ పది నిమిషాలు అంచులవాళ్ల కోసం, అంటే ఇంతసేపూ రష్‌కి భయపడి లోపలికి రానివాళ్ల కోసం వేస్తా. తొలి గుంపు తిరిగొచ్చేసరికి ఫ్లోర్ మీద కొత్త మొహాలుంటాయి.

సెట్_ముందే_రాస్తా · సోమవారం, ఉదయం 8:15

క్షమించాలి, నేనొక్కడినే ఎదురు మాట్లాడుతున్నట్టున్నా. "క్రౌడ్‌ని చదవడం" సగం అపోహ. పెద్ద స్టేజీ మీద ప్లే చేసినవాళ్లని అడగండి. లైట్లు కళ్లల్లో కొడుతుంటే నాలుగు వరసలు దాటి ఏమీ కనపడదు. వెనకున్న తెర మీద బొమ్మలు, పొగ, నిప్పు అన్నీ టైమ్‌కోడ్‌తో, అంటే ఏ సెకనుకి ఏది రావాలో చెప్పే సిగ్నల్‌తో, పాటలకి ముందే ముడిపడి ఉన్న షోలూ ఉన్నాయి. అక్కడ మధ్యలో పాట మారిస్తే నిప్పు తప్పు చోట లేస్తుంది. గంట సెట్‌కి మొత్తం ముందే రాసుకోవడం మోసమేమీ కాదు.

పాత డీజేల్లోనూ డేవిడ్ మన్‌కూసో ఉన్నాడు. 1970లో న్యూయార్క్‌లో తన ఇంట్లోనే "లాఫ్ట్" పార్టీలు మొదలుపెట్టాడు. ఒక దశ దాటాక మిక్స్ చేయడమే మానేసి రికార్డుని మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా వినిపించేవాడు. మూడో పాటలో అంచులు కదిలాయని కంగారుపడి లూప్ వేశాడా?

పాత_సూది · సోమవారం, ఉదయం 11:30

స్టేజీ మాట నిజమే, దానికి కాదనను. నిప్పుతో వాదించలేం.

కానీ లాఫ్ట్ సంగతి తిరగేసి చెప్తున్నావ్. అది పిలిచినవాళ్లకి మాత్రమే తలుపు తీసే పార్టీ. వచ్చేవాళ్లెవరో, ఏం వినాలని వస్తారో ఆయనకి ముందే తెలుసు. చదవాల్సిందంతా ఆహ్వానాలు పంచేటప్పుడే చదివేశాడు. మన తమ్ముడికి ఎదురుగా నిలబడిన డెబ్భై మందిలో ఒక్కరి పేరైనా తెలుసా?

సెట్_ముందే_రాస్తా · సోమవారం, ఉదయం 11:52

అది ఒప్పుకుంటా. అయితే నా మాటలో కొంచెమైనా ఉంచుకో కొత్తా: మొదటి అరగంట రాసుకెళ్లు. చేతులు వణికే టైమ్ అదే. మొదటి ఆరు పాటలు ఆలోచించక్కర్లేకుండా ఉంటే ఆ ఖాళీలో తలెత్తి చూడొచ్చు. ఇందులో నాకూ సూదికీ గొడవ లేదు.

రెండో_డెక్కు · సోమవారం, సాయంత్రం 6:40

నా బాధ ఒకటి కక్కేస్తా, ఎవరూ ఏమనుకోవద్దు. తొమ్మిదింటికి వార్మప్‌కి, అంటే పెద్ద సెట్‌కి ముందు జనాన్ని మెల్లగా వేడెక్కించడానికి, కూర్చున్నవాడు తొమ్మిదింపావుకల్లా అర్ధరాత్రి పాటలు వేయడం మొదలుపెడితే, పదకొండుకి ఎక్కేవాడు ఏం చెయ్యాలి? మొన్న నాకదే జరిగింది. నేను వెళ్లేసరికి జనం చెమటలు కక్కుతున్నారు, నా బ్యాగులో ఉన్న పెద్ద పాటల్లో నాలుగు అప్పటికే అయిపోయాయి. పైగా కిందికి దిగుతూ "వేడెక్కించి ఇచ్చా బ్రో" అన్నాడు. వేడెక్కించలేదు బ్రో, మాడ్చి ఇచ్చావ్.

వార్మప్‌లో ఫ్లోర్ ఖాళీగా ఉండటం సిగ్గుపడాల్సిన విషయం కాదు. టేబుళ్ల దగ్గర తలలు ఊగుతున్నాయా, మాటల మధ్యలో ఎవరైనా పాటలో లైను కలుపుతున్నారా, అది చూడాలి. అప్పుడే వచ్చినవాళ్లకి ఆ చోటు అలవాటు కావడానికి టైమ్ ఇవ్వాలి.

ఆ రోజు నేను చేసిందేంటంటే, ఎక్కగానే వేగం తగ్గించేశా. 130 నుంచి 112కి. ఐదు నిమిషాలు జనం నా వైపు శత్రువుని చూసినట్టు చూశారు. పన్నెండు దాటాక మళ్లీ ఎక్కడానికి నాకు మెట్లు దొరికాయి. అక్కడే 130లో మొదలుపెట్టి ఉంటే పైకి పోవడానికి చోటే లేదు.

స్పీకర్_వెనక · సోమవారం, రాత్రి 10:05

సౌండ్ మనిషిని. పాటల గురించి నాకు తెలీదు, వాల్యూమ్ గురించి ఒక మాట.

> వాల్యూమ్ పెంచా, ఉన్నవాళ్లు కూడా పలచబడ్డారు

పలచబడక ఏం చేస్తారు? ఫ్లోర్ ఖాళీ అయినప్పుడు హాలే మారిపోతుంది. మనుషుల ఒళ్లు, బట్టలు పై ఫ్రీక్వెన్సీలని పీల్చుకుంటాయి. డెబ్భై మంది ఉన్నప్పుడు కమ్మగా ఉన్న సౌండు పదిహేను మందికి గోడల మీంచి తిరిగొచ్చి చెవిలో గీరుకుంటుంది. దాని మీద నువ్వు ఇంకా పెంచావ్. అంచుల్లో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు, అంటే నీకు తిరిగి రావాల్సినవాళ్లు, మాట వినపడక బయటికెళ్లారు. ఆ టైమ్‌లో ట్రెబుల్ కొంచెం తగ్గించి, వాల్యూమ్ ఒక గీత దించి చూడు.

మీటర్ ఎర్రగా వెలుగుతుంటే అది ఊపు కాదు, సౌండు చిరుగుతోందని అర్థం. గంటసేపు అలా వింటే ఎందుకో తెలీకుండానే మనిషికి చిరాకొస్తుంది, దాన్ని పాట మీదికి నెడతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకి ఇచ్చిన ప్రమాణంలో పావుగంట సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు అంది. మొదటి గంటలోనే అక్కడికి చేరితే మిగతా మూడు గంటలు ఎటు పోతావ్?

డీజే బూత్‌లో మీకోసం పెట్టిన మానిటర్ స్పీకర్ వింటూ హాల్లోనూ అలాగే ఉందనుకోకండి. పొడుగు పాట ఒకటి వేసి ఓసారి కిందికి దిగి, ఫ్లోర్ చివరిదాకా నడిచి రండి. నేను చూసిన డీజేల్లో ఇది చేసేవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

లైట్ల_పిల్లోడు · సోమవారం, రాత్రి 10:20

ఫ్లోర్ పలచబడితే వెలుతురు తగ్గించమని మాకు సైగ చెయ్యండి. ఖాళీ నేల మీద తెల్ల లైటు పడుతుంటే ఆడటానికి ఎవరికి ధైర్యం వస్తుంది? మేం అక్కడే ఉంటాం, మీరు చూడరు. అంతే నా గోడు.

కొత్త_హెడ్‌ఫోన్ · సోమవారం, రాత్రి 10:31

రిక్వెస్టుల సంగతేంటి? ఆ రోజు ఒకాయన నాలుగుసార్లు వచ్చాడు. ఆఖరికి వేశా. ఆయనే ఆడలేదు!

అర్ధరాత్రి_అక్క · సోమవారం, రాత్రి 11:15

ఆడరు. అడిగేవాళ్లు ఎక్కువగా ఆడనివాళ్లే. నిజంగా ఆడుతున్నవాళ్లకి బూత్ దాకా వచ్చే తీరిక ఎక్కడిది? ఒకే మనిషి నాలుగుసార్లు అడిగితే అది ఒక్క ఓటే. ఒకరికొకరు తెలీని మూడు గుంపుల నుంచి ఒకే పాట, లేదా ఒకే రకం పాట వస్తే మాత్రం నేను చూడంది ఏదో వాళ్లు చెప్తున్నారని లెక్క. కాదనేటప్పుడు మొహం మీద కాదనకు. "దానికి టైముంది, దగ్గర్లోనే ఉండండి" అను. దగ్గర్లో అంటే ఫ్లోర్ మీద.

కొత్త_హెడ్‌ఫోన్ · తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 1:05

వచ్చా. నిన్న రాత్రి మళ్లీ ప్లే చేశా, వేరే చోట, మూడు గంటలు.

ల్యాప్‌టాప్‌ని ఎదురుగా పెట్టుకోకుండా పక్కకి, కిందికి జరిపేశా. చూడాలంటే మెడ తిప్పాలి కాబట్టి చూడటం తగ్గింది. మొదటి ఆరు పాటలు రాసుకెళ్లా. నిజంగానే చేతులు వణకలేదు. తొమ్మిదిన్నరకి ఎడమవైపు టేబుల్ దగ్గర ముగ్గురు అమ్మాయిలు, మూడు బ్యాగులూ భుజానే. ఒకామె మడమ లేస్తోంది. ఆమె మడమ కోసమే, అప్పుడు మోగుతున్న పాటకి చుట్టాన్ని వేశా. ఒక బ్యాగు టేబుల్ ఎక్కింది. ఇంకోటి వేశా. రెండోదీ ఎక్కింది. మూడో ఆమె మాత్రం చివరిదాకా బ్యాగు వదల్లేదు గానీ, దాంతోనే వచ్చి ఆడింది. ఇది మీరెవరూ చెప్పలేదు.

పదకొండుంపావుకి ఫ్లోర్ మళ్లీ పోయింది. ఈసారి పోతున్నప్పుడే చూశా. కడుపులో తిప్పింది. వాల్యూమ్ నాబ్ మీదికి చెయ్యి దానంతటదే వెళ్లింది, వెనక్కి లాక్కున్నా. లైట్లాయనకి సైగ చేశా, ఆయన నవ్వి మొత్తం నీలం చేశాడు. లూప్ వేసి బయటపడదామనుకుంటే కంగారులో నాలుగు బార్లకే బిగించా, ఎబ్బెట్టుగా వినిపించింది, ఇద్దరు తిరిగి చూశారు. అయినా రెండు పాటల్లో సగం మంది వచ్చారు. మిగతా సగం పాత మొహాలు కాదు, అంచులవాళ్లు. అక్క చెప్పింది కళ్లారా చూశా.

కిందికి దిగి నడిచి రావడం మాత్రం కుదర్లేదు. ధైర్యం చాల్లేదు అంటే సరిగ్గా ఉంటుంది.

బ్యాగు_భుజాన · తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 1:40

ఆ మూడో ఆమె బ్యాగులో అందరి ఫోన్లూ ఉండుంటాయి. ఎప్పుడూ ఒకరు బలవుతారు. చివర్లో ఎంతమంది ఉన్నారు?

కొత్త_హెడ్‌ఫోన్ · తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 1:58

ఇద్దరు. టైమ్ అయిపోయింది, మేనేజర్ గడియారం చూపిస్తున్నాడు. వాళ్లిద్దరూ తలుపు దాకా వెళ్లి, అక్కడే ఆగి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊగుతున్నారు. పాటలో ఇంకో పదిహేను సెకన్లే ఉంది. ఎనిమిది బార్లు లూప్ పెట్టా, ఈసారి సరిగ్గానే పడింది. మేనేజర్ వైపు చూడకుండా నాలుగుసార్లు తిప్పా. ఐదోది తిరుగుతుండగా ఎవరో హాల్లో లైట్లన్నీ వేసేశారు.

లైట్ల_పిల్లోడు · తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 2:03

మేం కాదు. ఆ స్విచ్ మేనేజర్ దగ్గరుంటుంది.